ప్రార్థన అంశం

మా చర్చిలో ఎవరి గురించైనా నాలుగు మాటలు చెప్పుకోవాలంటే ముందు కళ్లు మూసుకోవాలి. కళ్లు తెరిచి చెబితే చాడీ అంటారు, మూసుకుని చెబితే ప్రార్థన అంటారు. ఇరవై ఏళ్లుగా మేడ్చల్‌లో అదే చర్చికి పోతున్నాను గాని, ఈ తేడా నాకు ఈ యేడు శ్రమల దినాల్లోనే తెలిసొచ్చింది.

నా భర్త జాన్సన్ జనవరి మూడో తారీఖున పోయాడు. నలభై నాలుగేళ్లు. చిన్న ట్రాలీ బండి నడిపేవాడు. కూరగాయలు, సిమెంటు, పెళ్లి సామాను, ఏది దొరికితే అది వేసుకుపోయేవాడు. ఆ రోజు అత్వెల్లి దాటాక బండి రోడ్డు పక్కకు తీసి, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇండికేటర్ కూడా వేసి, స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాడు. ఎదురుగా ఉన్న టీ కొట్టువాళ్లు నిద్రపోతున్నాడనుకున్నారట. బతికినన్నాళ్లూ ఏ మలుపులోనూ ఇండికేటర్ వెయ్యని మనిషి.

మాకు పిల్లల్లేరు. ఇంట్లో మిగిలింది నేను, మా అత్తమ్మ ఎలీషమ్మ. ఆమె అప్పుడు సూరారంలో కూతురు షైని ఇంట్లో ఉంది. మనవడికి జ్వరమని కొత్త సంవత్సరం ఆరాధన అయిన రోజే పోయింది. శవపెట్టె దగ్గర కూర్చుని ఆమె ఏడ్చిన ఏడుపు గల్లీ అంతా విన్నది.

"పోయేముందల అమ్మకు ఒక్క ఫోనన్న చెయ్యకపోతివి కొడుకా! ఇట్లయితాందే అని ఒక్క మాటన్న చెప్పకపోతివి!"

ఆమె అలా ఏడుస్తుంటే నేను తలెత్తి ఆమెను చూడలేకపోయాను. ఎందుకంటే నాకు చెప్పాడు.

నేను బౌరంపేట్‌లో ఒక పెద్ద స్కూల్‌కి బస్సు మీద ఆయాగా పోతాను. ఆరూ నలభైకి బస్సు మా మూల మీదికి వస్తుంది, అర నిమిషం ఆగదు. ఆ పొద్దున నేను చెప్పులు వేసుకుంటుంటే జాన్సన్ మంచం మీద లేచి కూర్చున్నాడు.

"క్రిస్టీ, ఛాతిల పట్టేసినట్టయితాంది."

"పట్టదా మరి? రెండ్రోజులసంది అదే బిర్యానీ తింటున్నవ్. గ్యాసయ్యుంటది. సోడా తాగి పో."

"గంతే అంటవా?"

"గంతే" అన్నాను. హారన్ వినపడింది. పరుగెత్తాను.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. పొద్దున బాగానే ఉన్నాడన్నాను. పోలీసు కానిస్టేబుల్ ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చిన ఆయన ఫోన్‌ని స్విచ్ ఆఫ్ చేసి, బీరువాలో చీరల కింద పెట్టేశాను. అందులో ఆయన గొంతు ఉంటుందని భయం.

షైని వాళ్లమ్మను సూరారం తీసుకుపోతానంది. అత్తమ్మ ఒప్పుకోలేదు. "గిది నా కొడుకు ఇల్లు. నా కోడలిని ఒక్కదాన్ని ఇడిసిపెట్టి నేనెక్కడికి రావాలె" అంది. జాన్సన్ మంచం మీద పడుకోవడానికి మా ఇద్దరిలో ఎవరికీ మనసొప్పలేదు. కింద ఒకే చాప మీద పడుకునేవాళ్లం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, కింద నుంచి తనకు తాను లేవలేదు. రోజూ పొద్దున నా చెయ్యి పట్టుకుని లేచేది. లేచి, వదిలేయకుండా ఒక్క క్షణం అలాగే పట్టుకునేది. ఆ క్షణం నన్ను కాల్చేది.

పదో రోజున ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. అరవై మంది వచ్చారు, పాటలు పాడారు, మా ఇద్దరి తలల మీదా చేతులు పెట్టారు, అన్నం తిన్నారు, పోయారు. ఆదరణ అంతటితో అయిపోయింది.

అవనిది సత్యమ్మక్కకే. ఆమెకు యాభై దాటాయి, మా స్త్రీల సమాజం సెక్రటరీ. భర్త పోయి ఆరేళ్లు. పొద్దున బస్టాండు దగ్గర ఇడ్లీ బండి, మధ్యాహ్నం నుంచి ఖాళీ. కూడిక మర్నాడు, నేను బస్సు దిగి వచ్చేసరికి గుమ్మం మీద కూర్చుని ఉంది.

"నా మొగడు పోయినప్పుడు ఆదరణ కూడిక అయినంక ఒక్కతి గూడ నా తలుపు కొట్టలే సెల్లె. అందుకే నీ తలుపు నేను కొడుతున్న. తియ్యకుంటే ఇరగ్గొడ్త" అంది.

రోజూ నాలుగింటికి వచ్చేది. పుస్తకాల్లో ఉండే మాటలు చెప్పేది కాదు. "కొక్కానికున్న అంగి ఇప్పుడే ఉతకకు, ఉతికినంక మస్తు ఏడుస్తవ్" అనేది. మూడో మనిషికి కూడా కలిపి బియ్యం పోస్తున్నానని కనిపెట్టింది. "ఏంది సెల్లె, రెండు గ్లాసులా? నాకైతే ఎనిమిది నెలలు పట్టింది తగ్గించడానికి. రెండే పొయ్యి, మిగిలింది నాకు పెట్టు" అని కంచం పట్టుకుని కూర్చుంది. ఒకరోజు గ్లాసున్నర పోశాను. ఆమె చూసింది. వీపు మీద చెయ్యి వేసి రాసింది. ఆమె లేకుంటే నేను ఫిబ్రవరి దాటేదాన్ని కాదు. ఇప్పుడు ఎంత కోపం ఉన్నా ఈ మాట కాదనను.

ఫిబ్రవరిలో ఒక శనివారం నన్ను శామీర్‌పేట్‌లో వాళ్ల చెల్లెలింటికి తీసుకుపోయింది. అన్నాలు తిని, ఇద్దరం చెరువు కట్ట మీద కూర్చున్నాం. నిమ్మకాయ, కారం రాసిన మొక్కజొన్న కంకులు కొనుక్కున్నాం. పట్నం నుంచి వచ్చిన పిల్లలు ఫోటోలు దిగుతున్నారు.

"ఏడ్సుడు వేరు, గిది వేరు" అంది సత్యమ్మక్క నన్ను చూసి. "నువ్వు ఏదో మింగి కూసున్నవ్. ఏంది సెల్లె?"

చెప్పేశాను. ఛాతీ నొప్పి, బిర్యానీ, సోడా, హారన్, అన్నీ. చెబుతుంటే ముక్కు కారుతోంది, కొంగుతో తుడుచుకుంటే కారం అంటుకుని కళ్లు కూడా మండాయి. ఆమె నా చేతిలో కంకి తీసి పక్కన పెట్టి, నా రెండు చేతులూ తన ఒళ్లో పెట్టుకుంది. నీ తప్పు కాదు అనలేదు. అందుకే ఆమెను ఇంకా నమ్మాను.

"ఎవ్వరికి చెప్పకు అక్కా. మా అత్తమ్మకు అసలే తెల్వొద్దు. ఆమె నా చెయ్యి పట్టుకునే లేస్తది."

"నా నోరు దాటదు" అంది.

ఆ నెలలోనే శ్రమల దినాలు మొదలయ్యాయి. ఈస్టర్‌కి ముందు నలభై రోజులు మా చర్చిలో రోజుకో ఇంట్లో సాయంత్రం కూడిక ఉంటుంది. మా వంతు మార్చి మొదటి శుక్రవారం వచ్చింది. అత్తమ్మ పొద్దుటి నుంచీ నిలబడి వాకిలి ఊడ్చింది, జాన్సన్ ఫోటోకి కొత్త దండ వేసింది. "నా కొడుకు పోయినంక ఇంట్ల మల్ల పాట ఇనవడ్తది" అని పక్కింటామెతో సంబరంగా చెప్పుకుంది. నలభై మందికి ఉప్మా చేశాను.

పాటలయ్యాయి. పాస్టరు ఏలియా అయ్యగారు వాక్యం చెప్పి, "ప్రార్థన అంశాలుంటే చెప్పండి" అన్నారు. ఒకరు కొడుకు ఉద్యోగం కోసమన్నారు, ఒకరు షుగర్ తగ్గాలన్నారు. అయ్యగారు నా వైపు చూశారు. "మనశ్శాంతి కోసం" అన్నాను.

"క్రిస్టీనా కోసం నేను చేస్త అయ్యగారూ" అంది సత్యమ్మక్క.

అందరూ కళ్లు మూసుకున్నారు. మావాళ్లు బయట ఎంత మొరటుగా మాట్లాడినా ప్రార్థనకొచ్చేసరికి గ్రాంథికంలోకి పోతారు. సత్యమ్మక్క గొంతు పెద్దది, బస్టాండులో అరిచి అరిచి అలవాటైన గొంతు.

"పరిశుద్ధుడవైన తండ్రీ, నీ దాసురాలు క్రిస్టీనాను జ్ఞాపకము చేసుకొనుము. ఆ దినమున తన భర్త రొమ్ములో నొప్పి అని చెప్పినప్పుడు, అది గ్యాస్ అని తలంచి, సోడా తాగుమని పంపివేసినది తండ్రీ..."

"స్తోత్రం" అన్నారు ఎవరో.

"ఆ దోషభారమును మోయలేక కృశించిపోవుచున్నది. తన అత్తకు సహితము చెప్పుకొనలేకున్నది. నీవే ఆ భారమును తొలగించుము తండ్రీ..."

నేను కళ్లు తెరిచాను. నలభై తలలు వంగి ఉన్నాయి. ఫోటో పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న అత్తమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. నన్నే చూస్తోంది. ప్రార్థన అయ్యేదాకా అలాగే చూసింది. ఆమెన్ అనగానే కుర్చీ చేతులు పట్టుకుని తనకు తానే లేచి, వంటింట్లోకి పోయి ఉప్మా ప్లేట్లలో పెట్టడం మొదలుపెట్టింది. నేను చాయ్ పోశాను. ఎవరో ఇంకొంచెం చట్నీ అడిగితే వేశాను.

మర్నాడు బస్టాండుకి పోయాను. సత్యమ్మక్క ఇడ్లీలు తీస్తోంది.

"ఎందుకు చెప్పినవ్?"

"ఎవ్వరికి చెప్పిన సెల్లె? దేవునికి చెప్పిన."

"దేవునికి చెవుడా? గంత గట్టిగ చెప్పినవ్?"

ఆమె నిజంగానే బిత్తరపోయింది. చేతిలో గరిట అలాగే ఉంది. "నా మొగడు తాగి పోయిండని నేను సిగ్గుతో ఏడాది దాసిన. ఉపవాస ప్రార్థనల పెట్టినంకనే నా బరువు దిగింది. నీకు గూడ దిగుతదనుకున్న. ఒట్టు సెల్లె, దిగుతదనే అనుకున్న."

"నీది నువ్వు పెట్టుకున్నవ్ అక్కా. నాది గూడ నువ్వే పెడితివి."

ఇడ్లీ కోసం నిలబడ్డవాళ్లు వింటున్నారు. వచ్చేశాను. ఆ తర్వాత నాలుగింటికి తలుపు మోగితే తియ్యలేదు. విరగ్గొడతానన్న మనిషి మూడు రోజులు కొట్టి ఊరుకుంది.

అత్తమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పొద్దున నేను చెయ్యి చాపితే పట్టుకోలేదు. గోడ పట్టుకుని, పళ్లు బిగించి లేచింది. మూడో రోజు నేను బస్సు దిగి వచ్చేసరికి బ్యాగు సర్దుకుని కూర్చుని ఉంది.

"పోయొస్త" అంది. ఎన్నాళ్లకని అనలేదు.

"అత్తమ్మా, ఒక్కసారి నేను చెప్పేది..."

"ఆటో వచ్చింది" అంది.

ఆ వారం షైని ఫోన్ చేసింది. "వదినా, బస్సుల ఎవలి పిల్లలనో చెయ్యి పట్టుకుని ఎక్కిస్తవ్, దించుతవ్. మా అన్నకు ఒక్క ఆటో పిలువ చేతకాలేదా?" షైని ఏడుస్తూ, తిడుతూ పది నిమిషాలు మాట్లాడింది. వెనకాల అత్తమ్మ దగ్గు వినపడింది. అక్కడే కూర్చుని ఉందన్నమాట, వింటూ.

చర్చిలో ఎవరూ నన్ను ఏమీ అనలేదు. అదివరకు గట్టిగా వందనాలు చెప్పేవాళ్లు ఇప్పుడు మెల్లగా చెబుతున్నారు, అంతే. ఒకామె నా మోచెయ్యి పట్టుకుని, "గ్యాసే అనుకున్నవా బిడ్డా?" అని అడిగింది. ఇంట్లో గ్లాసు బియ్యం చాలుతోంది. అది కూడా మిగులుతోంది.

ఈస్టర్‌కి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం అయిన మర్నాడు జాన్సన్ స్నేహితుడు మహేందర్ వచ్చాడు. ట్రాలీ అతనే నడుపుతానన్నాడు. "బండి కాయితాలల్ల పేరు మార్చాలంటే ఓటీపీ అన్న నంబరుకే వస్తది వదినా. ఫోనుందా?"

చీరల కింది నుంచి తీశాను. ఛార్జింగ్ పెట్టి, అది వెలిగేదాకా ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. ఓటీపీ వచ్చింది, మహేందర్ రాసుకుని పోయాడు. నేను ఫోన్ ఆపలేదు. కాల్స్ తెరిచాను. పైన అన్నీ ఎత్తని కాల్స్, మహేందర్‌వి, ఎనిమిదిన్నర తర్వాత నావి. వాటి కింద ఆయన చేసిన కాల్ ఒక్కటే ఉంది. జనవరి మూడు, ఏడూ నలభై ఒకటి. అమ్మ. ఆరు నిమిషాలు.

ఒక్క ఫోనన్న చెయ్యకపోతివి కొడుకా అని ఏడ్చిన ఏడుపు నాకింకా చెవుల్లోనే ఉంది. మంచం మీద కూర్చుండిపోయాను, జనవరి నుంచి ఎవరూ కూర్చోని మంచం మీద. కోపం వచ్చింది. సత్యమ్మక్క మీద వచ్చిన కోపం దీని ముందు ఎంత! ఆమె బయటి మనిషి, నోరు ఆగలేదు. ఈమె నాతో ఒక చాప మీద పడుకుంది, నా చెయ్యి పట్టుకుని లేచింది. అంతమందిలో తప్పంతా నా మీద పడుతుంటే చూస్తూ కూర్చుంది. కూతురు నన్ను తిడుతుంటే పక్కన కూర్చుని దగ్గింది. ఆ ఆరు నిమిషాలూ కొంగున ముడేసుకుని.

ఈస్టర్ తెల్లవారుజామున మావాళ్లు సమాధుల తోటకి కొవ్వొత్తులతో పోతారు. ముందు రోజు శనివారం ఎవరి సమాధులకు వాళ్లు సున్నం వేసుకుంటారు. జాన్సన్‌ది ఇంకా మట్టి దిబ్బే, చుట్టూ రాళ్లు పేర్చి ఉన్నాయి. ఎండ చుర్రుమంటోంది. నేను రాళ్లకు సున్నం వేస్తుంటే అత్తమ్మ ఆటో దిగి వచ్చింది, ఒక్కతే, బంతిపూల కవరు పట్టుకుని. దిబ్బకు అటుపక్క నిలబడింది.

నేను బ్రష్ బకెట్లో వేసి, ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాను. ఆమెకు చదువు రాదు. కాని ఆ ఫోన్‌లో అమ్మ అన్న చోట తన ఫోటో ఉంటుందని తెలుసు. చూసింది.

"ఏం చెప్పిండు?" అన్నాను.

"నొప్పన్నడు. వాము నమలు, తగ్గుతదన్న."

"ఆరు నిమిషాలా?"

"పిల్లగాని జరం ముచ్చట చెప్పిన. ఇడ్లీ తింటలేడని, మందు కక్కుతాండని... అంత నా ముచ్చటే బిడ్డా. వాడు ఊ అన్నడు, ఊ అన్నడు. ఇగ పెడుత అమ్మా అన్నడు."

కవర్లో పూలు ఆమె వేళ్ల మధ్య నలుగుతున్నాయి.

"మరి ఆ రోజు నన్నెందుకట్ల చూసినవ్? నేనే సంపుకున్న అన్నట్టు?"

"గట్ల చూడలే." తల అడ్డంగా ఊపింది. "నాకు... పానం నిమ్మళమయింది బిడ్డా. నీకు చెప్పిండట, నువ్వు గూడ పంపినవట. నా ఒక్కదాని మీద లేదు అని నిమ్మళమయింది. గా నిమ్మళానికే నాకు సిగ్గయింది. నీ చెయ్యి పట్టుకుని ఎట్ల లెవ్వాలె?"

"షైని తిడుతుంటే ఇన్నవ్."

"ఇన్న."

"చెప్పలే."

"చెప్పలే" అంది. "నాకు మిగిలింది అది ఒక్కతే గద. అది గూడ నన్నట్ల చూస్తే నేనెక్కడ పోవాలె?"

నేనున్నాను కదా అనబోయాను. బ్రష్ తీసుకుని మిగిలిన రాళ్లకు సున్నం వేశాను. ఆమె వంగలేక వంగి దిబ్బ మీద పూలు పరిచింది. ఆమె ఆటో ఆమె ఎక్కింది, నా దారిన నేను వచ్చాను.

మర్నాడు చీకటితో పాటలు పాడుకుంటూ సమాధుల తోటకి పోయాం. వెలుగు వచ్చేసరికి తోటంతా తెల్ల చీరలే. ఏలియా అయ్యగారు ఒక్కో సమాధి దగ్గరా ఆగి ప్రార్థన చేస్తున్నారు. మా దగ్గరికి వచ్చేసరికి జనం మూగారు. షైని నాకు ఎడంగా నిలబడింది, మొహం తిప్పుకుని. వెనక వరసలో సత్యమ్మక్క ఉంది, కొవ్వొత్తి పట్టుకుని, నాతో కళ్లు కలపకుండా. అత్తమ్మ దిబ్బ తలాపున ఉంది.

"ఏమన్న ప్రార్థన అంశం ఉందా అమ్మా?" అన్నారు అయ్యగారు నాతో.

అందరూ ఆగారు. ఫోన్ నా సంచిలోనే ఉంది. ఒక్క మాట చాలు. మా అత్తమ్మ ఒక దోషభారం మోస్తోంది అయ్యగారూ, ఆమె కోసం ప్రార్థించండి. ఎవరూ చాడీ అనరు. షైని మొహం నా వైపు తిరుగుతుంది. నా మోచెయ్యి పట్టుకున్న ఆడవాళ్లు రేపటి నుంచి ఆమె మోచెయ్యి పట్టుకుంటారు. నేను అత్తమ్మ వైపు చూశాను. ఆమెకు అంతా అర్థమైంది. వద్దన్నట్టు తల కూడా ఊపలేదు.

"మా అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు అయ్యగారూ" అన్నాను. "కింద నుంచి లెవ్వలేకపోతాంది. ప్రార్థన చెయ్యండి."

అందరూ కళ్లు మూసుకున్నారు. అయ్యగారు మోకాళ్ల గురించి చాలాసేపు ప్రార్థించారు. మేమిద్దరం మాత్రం కళ్లు మూయలేదు.

ఆ సాయంత్రం ఆమె బ్యాగుతో దిగింది. షైనికి ఏం చెప్పి వచ్చిందో నేనడగలేదు. గ్లాసున్నర బియ్యం పోశాను. క్షమించావా అని మీరడిగితే, లేదు. ఆ ఆరు నిమిషాలు రోజుకోసారన్నా నాకు గుర్తొస్తాయి, గుర్తొచ్చిన ప్రతిసారీ ఒళ్లు మండుతుంది. పొద్దున ఆమె చెయ్యి చాపుతుంది, నేను పట్టి లేపుతాను. ఇప్పటికీ ఒకే చాప మీద పడుకుంటున్నాం. ఎవరికీ చెప్పొద్దని ఆమె నన్ను ఇంతవరకు అడగలేదు. చెప్పనని నేను కూడా మాటివ్వలేదు.